మాది ఆఖరు కేసు

మా ఇంట్లో ఒక పెద్ద స్టీలు తట్ట ఉండేది. తట్ట అంటే పళ్ళెం, మా బళ్ళారి వైపు అందరం అలాగే అంటాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మగవాళ్ళూ పిల్లలూ తిని లేచాక, నేనూ మా యారాలూ ఆ ఒక్క తట్టలోనే కూర్చుని తినేవాళ్ళం. యారాలంటే మా బావగారి భార్య, నాకు పెద్ద తోడికోడలు. నేను అక్కా అంటాను. చెరో పక్కన రొట్టె విరిచి పెట్టుకుని మధ్యలో కూర వేసుకునేవాళ్ళం. అత్తను ఆడిపోసుకోవడం, మొగుళ్ళను వెక్కిరించడం, ఏడుపు వస్తే ఏడవడం అన్నీ ఆ తట్ట దగ్గరే. ఒకే తట్టయితే తోమడానికి ఒకటి తగ్గుతుందని అక్క అనేది. అది సాకు. అంత పెద్ద ఇంట్లో మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకునే చోటు అదొక్కటే.

నా భర్త పోయాక ఆ తట్టలో తినడం మానేశాను. నేమం పట్టానన్నాను. ఎంగిలి కలవకూడదని గురువు చెప్పాడన్నాను. గురువూ లేడు, నేమమూ లేదు.

"యా గురువు మే? ఊర్లో ఎవురికీ కనపడనోడు నీకు యాడ కనపడినాడు?" అని అక్క ఒకసారి అడిగింది. ఆమె ఆ తట్టను తోమి, తుడిచి, పై గూట్లో బోర్లించింది. ఆ రోజు నుంచి ఇద్దరం చెరొక చిన్న తట్టలో, చెరొక మూల తిన్నాం.

అసలు సంగతి వేరే. ఆయన ఇనుప గనులు జోరుగా నడిచిన కాలంలో లారీ మీద తిరిగేవాడు. చివరికి కామెర్లతో పోయాడని ఊరూ ఇంట్లోవాళ్ళూ అనుకున్నారు, ఆయనా నేనూ మొదట్నుంచీ అలాగే చెప్పాం. ఆయనకున్నది హెచ్ఐవీ. ఆయన మంచంలో ఉండగానే నాకూ రక్తపరీక్ష చేశారు, ఉందన్నారు. ఆయన్ని తిట్టుకున్నాను, ఆయన కోసం ఏడ్చాను. ఇప్పటికీ తద్దినం రోజున ఆ రెండు పనులూ చేస్తాను.

కలిసి తింటే అంటుకోదని మాత్రలిచ్చే చోట నాకు మొదట్లోనే చెప్పారు. కానీ అప్పటికే నేమం కథ ఊరంతా పాకింది. తీసేస్తే ఎందుకు తీశావంటారు. పట్టిన నేమాన్ని వదిలినదానికి కారణం అల్లడం కంటే ఒంటరిగా తినడమే సులువనిపించింది. మాత్రలు వక్కల డబ్బాలో పోసుకున్నాను, ఎవరైనా చూస్తే బీపీకి అనేదాన్ని. నెల తిరిగేసరికి విత్తనాలకనో చీరకనో బళ్ళారి బస్సెక్కి కొత్త మాత్రలు తెచ్చుకునేదాన్ని. అబద్ధం మొదటిసారే కష్టం, తర్వాత అదే నడుస్తుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇన్నేళ్ళూ ఆ సామెతను పట్టుకునే బతికాను. తీరా నిజంగానే కడుపు కోయించుకోవలసి వచ్చింది.

బస్టాండు దగ్గర బొరుగుల ఒగ్గాణీ, మిరపకాయ బజ్జీలూ తిని బస్సెక్కాను. మోక ఊరు దాటకముందే కుడి డొక్కలో మొదలైన నొప్పి భుజంలోకి ఎగబాకింది. ఊపిరి తీయలేకపోయాను. బస్సులో ఎవరో ఆడమనిషి నా వీపు రుద్దుతూ గ్యాసు అంది. గ్యాసు కాదు. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళని తేలింది. తీసేయాలన్నారు.

మొదట వెళ్ళిన నర్సింగ్ హోములో చాలా మర్యాద చేశారు. నా జబ్బు సంగతి చెప్పేదాకా. చెప్పిన మర్నాడు మిషను రిపేరుకొచ్చిందన్నారు. రెండోచోట మత్తు డాక్టరు ఊళ్ళో లేడన్నారు, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. నా జబ్బు పేరు చెవిన పడితే మిషన్లు చెడిపోతాయి, డాక్టర్లు ఊరు వదిలిపోతారు. నవ్వొచ్చింది కానీ, ఆ రోజు ఆటోలో కూర్చున్నాక ఈ రాళ్ళతోనే పోతానేమోనని మొదటిసారి భయపడ్డాను.

మూడోచోట, ఆ ఆసుపత్రి పేరెందుకుగానీ, ఒక ఆడ డాక్టరు దొరికింది. చిన్న వయసు. నా రిపోర్టులన్నీ చూసి నా వైపు తిరిగింది.

"బాగుండాయమ్మా. మాత్రలు నాగా లేకుండా ఏస్కుంటాండావు, అది తెలుస్తాంది. వైరస్ అణిగి ఉండాది, ఒంట్లో బలముండాది. ఇప్పుడు చేస్తే అందురికీ ఉండే రిస్కే నీకూ. రాయి జారి దారిలో అడ్డం పడి, చీము పట్టి, కామెర్లొచ్చినాక వస్తే మాత్రం నాకూ భయమే."

కామెర్లు. మా ఇంట్లో అది ఆయనా నేనూ కల్పించిన మాట. ఇప్పుడు అది నిజమై నన్ను వెతుక్కుంటూ వచ్చేట్టుంది.

"నిన్ను ఆఖర్న తీసుకుంటారు" అంది డాక్టరు. "నీ తర్వాత థియేటరు బాగా కడగాలంటారు."

"ముందర చేసినోళ్ళ తర్వాత కడగరామ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "కడగాల. అందురి తర్వాతా ఒకే తీరు కడగాల. సదువుకునేటప్పుడు అట్లే చెప్తారు. ఈడ అలవాటు ఇట్ల." ఆపైన రెండు జాగ్రత్తలు చెప్పింది. ముందురోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. నా మాత్రను మాత్రం ఆపకూడదు, పొద్దున్నే గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలి. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని, అప్పుడు ప్రాణం మీదికొస్తుందని మత్తు డాక్టరు కూడా విడిగా చెప్పాడు.

తోడుగా ఒకరు ఉండాలన్నారు. నాకు తోడంటే అక్క తప్ప ఎవరున్నారు?

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. మా మడి కాలువకు చిట్టచివర ఉంది. చివరి మడికి నీళ్ళు రావాలంటే పైవాళ్ళందరూ వంతు పాటించాలి. ఎవరూ పాటించరు. మా బావ మెతక మనిషి, గట్టు మీద నిలబడి దగ్గుతాడు. అక్క చీర దోపి, చేతిలో పారతో కాలువ పొడుగునా నడుచుకుంటూ పోయి, వంతు తప్పించినవాడి పూర్వీకులందరినీ లేపి, మడవ తిప్పి నీళ్ళు తెచ్చేది. వంతు తప్పితే ఆమె తన కూతురినైనా వదలదు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను ఆఖరు కేసుగా ఆసుపత్రిలో చేరాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. కానీ వేరే దారి లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నేను వక్కల డబ్బాలోంచి మాత్ర తీసి గుక్కెడు నీళ్ళతో వేసుకున్నాను. అక్క చూసింది.

"ఏమీ తినగూడదంటిరి?"

"బీపీ మాత్ర అక్కా. డాక్టరే ఏస్కోమనె."

"ఊ" అని ఊరుకుంది. తర్వాత అమ్మవారి గుడికి పోయొస్తానని వెళ్ళింది.

నా పక్క మంచాల వాళ్ళను ఒక్కొక్కరినే పిలిచారు. హెర్నియా ముసలాయన వెళ్ళాడు. అపెండిక్స్ అమ్మాయి వెళ్ళింది. మా తర్వాత వచ్చి చేరిన ఒకామె కూడా వెళ్ళింది. అక్క గుడి నుంచి వచ్చేసరికి నేనలాగే కూర్చుని ఉన్నాను. ఆమె నర్సు దగ్గరికి వెళ్ళింది.

"మేము ముందొచ్చినాం. ఆ యమ్మ మా ఎనకాల వచ్చె. ఆమెను యట్ల పంపిస్తిరి?"

నర్సు నా వైపు చూసింది, అక్క వైపు చూసింది. "లిస్ట్ అట్ల ఉండాదమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు చూడగానే అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె కూర్చునే మనిషి కాదు. లేస్తుంది, తలుపు దాకా పోతుంది, వస్తుంది. ఎండ ముదిరింది. నా నోరు పిడచకట్టింది, కడుపులో మంట, కళ్ళ ముందు మసక. అక్క నా మొహం చూసి తట్టుకోలేకపోయింది. కొంగుచాటు నుంచి దొన్నె తీసింది. అందులో గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి.

"వద్దక్కా. తినగూడదు."

"తిండి తినగూడదన్నారు గానీ ప్రసాదం తినగూడదన్నారా? అమ్మవారిది తిండి యట్లయితాది మే? నీళ్ళు తాగితివి, మాత్ర మింగితివి, దానికి లేనిది దీనికొచ్చెనా? కోతకు పోయే ముందర ప్రసాదం కాదంటావా?"

నేను కాదనలేకపోయాను. ప్రసాదాన్ని వద్దన్న చెయ్యి మా వంశంలో లేదు. పైగా బీపీ మాత్ర అని చెప్పినదాన్ని నేనే. ఆమె చిన్న ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. నెయ్యి వాసన, యాలకుల వాసన. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె చేతి ముద్ద నా నోట్లోకి వచ్చింది. ఉమ్మేయాలని ఒక పక్క ఉంది, ఏడవాలని ఒక పక్క ఉంది. మింగేశాను. ఇంకొకటి పెట్టింది. అదీ మింగాను.

అది తిన్న కాసేపటికే పిలుపు వచ్చింది. థియేటరు గుమ్మంలో ఒక నర్సు కన్నడంలో, "ఏనాదరూ తిందిద్దీరా?" అని అడిగింది. ఏమైనా తిన్నారా అని. అందరినీ అడిగే మాటే, జవాబు కోసం పెద్దగా చూడదు కూడా. లేదంటే చాలు, లోపలికి తీసుకుపోతారు. అబద్ధం చెప్పడంలో నాకు మించిన చెయ్యి జిల్లాలో ఉండదు. కానీ మత్తు డాక్టరు చెప్పిన ఊపిరితిత్తుల మాట గుర్తొచ్చింది. చావంటే భయం వేసింది. తిన్నానని చెప్పాను.

ఇన్నేళ్ళకు నోరు తెరిచి ఒక నిజం చెబితే దక్కింది వాయిదా. ఆడ డాక్టరు బయటికొచ్చి తల పట్టుకుంది. ఇంక తన ఆపరేషన్లు వచ్చే వారమే అంది. నాకు జ్వరం తగులుతోంది కాబట్టి ఇంటికి పంపకుండా అక్కడే ఉంచుతానంది. ఈలోగా రాయి జారకపోతే అదృష్టం అంది.

అక్క మొహం మాడిపోయింది. కాసేపు తన్ను తాను తిట్టుకుంది. తర్వాత ఆ కోపమంతా దారి మార్చింది.

"నాదేం తప్పు? పొద్దున్నే వంతు ప్రకారం పిల్చింటే ఈ తంటా వచ్చేదా? దినమంతా కడుపు మాడ్చి పెట్టిరి. పెద్ద డాక్టరు యాడుంటాడు? అడుగుతా. ఎందుకు మమ్మల్ని ఎనక్కి తోసినారో అందురి ముందర చెప్పమంటా."

చీర దోపింది. ఆ దోపడం నాకు తెలుసు. అలా దోపాక ఆమెను కాలువ గట్టు మీద ఏ మగవాడూ ఆపలేడు. వరండాలో రోగులు, వాళ్ళ చుట్టాలు, అందులో మా పక్క ఊరివాళ్ళు కూడా ఉన్నారు. నేను మంచం దిగి ఆమె వెనక పడ్డాను. మెట్ల కింద నీళ్ళ కొళాయి దగ్గర రెక్క పట్టుకున్నాను.

"ఇడ్సు మే. నువ్వు గమ్మునుండు."

"అక్కా, నాకు ఆ రోగముండాది. మీ మరిదికి ఉన్నిందే. అందుకే ఆఖర్న పెట్టినారు."

"కామెర్లా?"

"కామెర్లు కాదు. ఎయిడ్స్ అంటారు చూడు, అది. నేను మింగేది బీపీ మాత్ర కాదు."

కొళాయి నుంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె నా చెయ్యి వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. తిడితే బాగుండుననిపించింది. ఆమె ఇంకో చేతిలో దొన్నె ఉంది, సగం పొంగలి మిగిలే ఉంది. దాన్ని చూసింది. కిటికీ అరుగు మీద పెట్టింది. పెట్టి మెట్లెక్కింది.

ప్రసాదాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయే మనిషి కాదు మా అక్క. నేల మీద మెతుకు పడితే ఏరి కళ్ళకద్దుకుంటుంది. ఆ దొన్నెను నేను కదిలించలేదు. సాయంత్రానికి చీమలు పట్టాయి.

ఇంట్లో ఎనుము, అంటే మా గేదె, ఈనేట్టుందని చెప్పి ఆమె ఆ సాయంత్రమే బస్సెక్కింది. ఎనుము నిజంగానే ఈనేట్టుంది, నాకూ తెలుసు. అయినా ఆమె ఇక రాదనుకున్నాను. ఇంటికి పోయి బావకు చెబుతుంది, తన కోడలికి చెబుతుంది, నా గుడ్డలు, నా తట్ట, నా మంచం పశువుల కొట్టంలోకి చేరతాయి అనుకున్నాను. అంత ఊహించుకున్నానంటే ఆమె మీద నాకు ఉన్న నమ్మకం అంతేనా అని సిగ్గేసింది. సిగ్గేసినా ఊహలు ఆగలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా అదీ ఇదీ కలిసిపోయి ఏది నొప్పో తెలిసేది కాదు. ఒక్క ఫోను రాలేదు.

మళ్ళీ ఆపరేషన్ రోజు వచ్చింది. పొద్దున నేను మాత్ర వేసుకుంటున్నప్పుడు తలుపు దగ్గర ఆమె కనిపించింది. ఉత్త చేతులతో వచ్చింది. ఎప్పుడూ మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చునేది. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఈనిందా?" అన్నాను.

"ఈనింది. పెయ్య."

ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తున్నారు. పక్క మంచం దగ్గరికి కొత్తగా వచ్చిన ఆడమనిషి, "మీదెప్పుడమ్మా?" అని అడిగింది.

"మాది ఆఖరు కేసు. మేము కూసుంటాం" అంది అక్క.

వంతు కోసం ఊరంతటితో తగవులాడిన మనిషి అలా తలొంచుకుని చెప్పడం నేను వినలేకపోయాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ మనిషి కాఫీ ఇవ్వబోతే అక్క వద్దంది. నన్ను పిలిచేదాకా ఆమె కూడా ఏమీ తినలేదు.

థియేటరులో చలి. నన్ను కప్పినదానికంటే ఎక్కువ గుడ్డ వాళ్ళు కప్పుకున్నారు. చేతులకు ఒకదాని మీద ఒకటి తొడుగులు. ఎవరో మూలలో ఏదో గొణిగారు, డాక్టరమ్మ గట్టిగా కసిరింది. ఆ కసురు నా కోసమని అర్థమైంది. ధైర్యం రాలేదు కానీ, కోపం తగ్గింది. తర్వాత మత్తు.

ఆపరేషన్ బాగా జరిగింది. రాళ్ళను ఒక సీసాలో వేసి చూపించారు, శనగల్లా ఉన్నాయి. ఇంటికొచ్చాక బొడ్డు దగ్గర ఒక కుట్టు మాత్రం తడిదేరింది. నా జబ్బు వల్లేనని బెంబేలెత్తాను. డాక్టరమ్మ చూసి, ఎవరికైనా అవుతుంది, మాత్రలు మానకుండా శుభ్రంగా ఉంచుకోమంది. నేను గది తలుపేసుకుని, అద్దం పెట్టుకుని నేనే గుడ్డ మార్చుకునేదాన్ని. అక్క తలుపవతల నిలబడేది.

"తియ్యి మే. నేను చూస్తా."

"వద్దక్కా. ఐపోయింది."

ఆమె కాళ్ళ చప్పుడు వెంటనే దూరమయ్యేది కాదు. బావకు చెప్పిందో లేదో నాకు నేటికీ తెలీదు. ఆయన ఎప్పటిలాగే దగ్గుతూ పలకరించేవాడు. నా గుడ్డలు కోడలి చేతికి ఇవ్వకుండా అక్కే ఉతికేది. నా మీద ప్రేమతోనో, కోడలి మీద జాగ్రత్తతోనో. అడిగే ధైర్యం నాకు లేదు. రోజంతా ఆమె చేతుల వైపే చూస్తుండేదాన్ని, ఏది తాకుతుంది, తాకాక కడుక్కుంటుందా అని. ఒక రోగం చాలదన్నట్టు ఈ చూపు నాకు రెండో రోగమైంది.

కుట్టు ఆరింది. పథ్యం ఇక చాలన్నారు. ఆ రోజు అక్క జొన్నరొట్టెలు చేసింది, పుండికూర, అదే గోంగూర, వండింది. అందరూ తిని లేచారు. నేను నా చిన్న తట్ట కోసం చెయ్యి చాచాను. అది అక్కడ లేదు. ఆమె పీట వేసుకుని పై గూట్లోంచి పెద్ద తట్టను దించింది. దుమ్ము పట్టి ఉంది. కడిగి, కొంగుతో తుడిచి, నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. రెండు పక్కలా రొట్టె వేసింది. మధ్యలో కూర వేసింది.

"ఇన్నేండ్లు నన్ను ఒంటిగా తినిపిస్తివి కదే" అంది. "నేనేమంటినో, ఏం తప్పు చేస్తినో, ఎందుకు నా తట్ట ఇడిసిపెట్టెనో అని నేను ఎంత ఏడిస్తినో నీకు తెల్సునా? మా మరిదికొచ్చిన రోగమని అప్పుడే చెప్పింటే నీ గొంతు పిసుకుతుంటినా?"

రొట్టె విరిచి కూరలో అద్దుకుని తిన్నాను. ఆమె కూడా విరిచింది. నేను చెయ్యి పెట్టిన చోటే అద్దుకుంది. ఆ ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. ఎక్కువసేపు కాదు, కానీ ఆగింది. నేను చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది.

"భయమైతాందా అక్కా?" అన్నాను.

"అయితాంది" అంది. ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. "నువ్వు తిను. రొట్టె సల్లారిపోతాంది."